అవ్వలున్నారు, తాతలేరి?

కందుకూరు_కుర్రోడు
ఒకటో తారీఖు పొద్దున ఊళ్లోనే ఉన్నా. సచివాలయం అమ్మాయి పింఛన్లు ఇవ్వడానికి వచ్చి వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుంది. వేలిముద్ర వేయడానికి ఒక్కొక్కరే వస్తున్నారు. చూస్తే అందరూ అవ్వలే. ఉబుసుపోక లెక్కపెట్టా. మా వీధిలో 26 ఇళ్లు. భర్త పోయినవాళ్లు 11 మంది. భార్య పోయిన మగవాళ్లు ఇద్దరే. మగాయనకి 65 దాటాక కూడా భార్యాభర్తలిద్దరూ ఉన్న ఇళ్లు నాలుగు, అందులో మాది ఒకటి.

నా చిన్నప్పుడు అదే అరుగు మీద బొగ్గుతో గీతలు గీసుకుని పులిజూదం ఆడే తాతలు ఏడెనిమిది మంది ఉండేవాళ్లు. పులులకి చింతగింజలు, మేకలకి గులకరాళ్లు. ఇప్పుడు వాళ్లలో ఒక్కరూ లేరు. వాళ్ల భార్యల్లో ఐదుగురు ఇంకా ఉన్నారు.

ఏంది దీనికి కారణం? ఒంట్లోనే తేడా ఉందా, అలవాట్ల వల్లనా? మా నాయనకి 67. చుట్ట మానడు. బీపీ చూపించుకోమంటే "నాకేం రోగం" అని లేచి పోతాడు. అమ్మకి 60. ఆ లెక్క పెట్టినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

పొదిలి_బస్టాండ్
మా వీధిలో కూడా అంతే. ఎప్పుడూ గమనించలేదు, నువ్వు చెప్పాక ఇప్పుడే వేళ్ల మీద లెక్కేశా. తొమ్మిది, ఒకటి.

లెక్కల_మాస్టారు
వీధి లెక్క బాగా పెట్టావు. దేశం లెక్క నేను చెప్తా. 2016-20 జనన మరణాల శాంపుల్ రిజిస్ట్రేషన్ లెక్కల ప్రకారం మన దేశంలో ఆడవాళ్ల సగటు ఆయుర్దాయం 71.4 ఏళ్లు, మగవాళ్లది 68.6. తేడా మూడేళ్లకు కాస్త తక్కువ. జపాన్‌లో 2023లో ఆడవాళ్లకి 87.14, మగవాళ్లకి 81.09. అంటే ఆరేళ్లు. రష్యాలో పదేళ్ల దాకా పోతుంది. తేడా దాదాపు అన్ని దేశాల్లో ఉంది, ఎంత అనేది మాత్రం దేశాన్ని బట్టి మారుతోంది. అక్కడే ఆలోచించాలి. ఒంటి తీరు ఒక్కటే కారణమైతే రష్యాలో పది, మన దగ్గర మూడు ఎందుకుంటుంది?

ఇంకో మాట. సగటు 68 అంటే 68కే పోతారని కాదు. పురిట్లో పోయిన బిడ్డలూ, పాతికేళ్లకే రోడ్డు మీద పోయినవాళ్లూ కలిస్తేనే ఆ సగటు. 60 దాటిన మనిషికి ఇంకో 18 ఏళ్లు అటూ ఇటూగా ఉంటుందని లెక్క. మీ నాయన గురించి అప్పుడే బెంగపడకు, కానీ బీపీ మాత్రం చూపించు.

ఆత్మకూరు_అరుణ
మాస్టారూ, మూడేళ్ల తేడాకి 11 మంది, ఇద్దరు ఎలా వస్తారు? మీరు ఒకటి వదిలేశారు. పెళ్లినాటి వయసు. మా అమ్మకి పెళ్లయినప్పుడు 15, నాయనకి 24. ఆ తొమ్మిదికి మీ మూడు కలపండి, పన్నెండేళ్లు. అమ్మ ఒంటరిగా ఉండబోయే కాలం పెళ్లి పీటల మీదే ఖాయమైపోయింది. నాయన పోయి ఇప్పటికి పదకొండేళ్లు. ఆ తరంలో ఏడు, ఎనిమిదేళ్లు తేడా లేకపోతే సంబంధమే కుదిరేది కాదు. పైగా భార్య పోతే ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్లి చేసేవాళ్లు, ఆడదానికి ఆ మాట కూడా ఎత్తేవాళ్లు కాదు.

లెక్కల_మాస్టారు
నిజమేనమ్మా, అది నేను చెప్పాల్సింది. 2011 జనాభా లెక్కల్లో భర్త పోయిన ఆడవాళ్లు 4 కోట్లకు పైగా ఉంటే, భార్య పోయిన మగవాళ్లు అందులో మూడో వంతు కూడా లేరు. మీరు చెప్పిన రెండు కారణాలూ అందులో ఉన్నాయి.

పామూరు_పెద్దాయన
నాకు 71. ఆడవాళ్లే ఎక్కువ కాలం బతుకుతారు అనేది మా చిన్నప్పటి మాట కాదు. అప్పుడు ఆడవాళ్లే ముందు పోయేవాళ్లు. మా పిన్నమ్మ నాలుగో కాన్పులో పోయింది. రాత్రిపూట ఎద్దుల బండి కట్టి కనిగిరికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. బండి వెనక్కి తిప్పిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. మా ఊళ్లో రెండో పెళ్లి చేసుకోని తాతలు తక్కువ. అప్పుడు ఎవరూ "అవ్వలేరి?" అని అడగలేదు.

లెక్కల_మాస్టారు
పెద్దాయన చెప్పిందానికి లెక్క ఉంది. 1970-75లో మన దేశంలో మగవాళ్ల ఆయుర్దాయం 50.5, ఆడవాళ్లది 49.0. ఆడవాళ్లదే తక్కువ. 1981-85కి వచ్చేసరికి 55.4, 55.7 అయ్యాయి. అంటే మన దేశంలో ఆడవాళ్లు ముందుకు వచ్చి నలభై ఏళ్లు దాటింది, అంతే. కాన్పు చావులు తగ్గాయి. 1997-98లో లక్ష కాన్పులకి 398 మంది తల్లులు పోయేవాళ్లు, 2018-20కి అది 97. మన రాష్ట్రంలో 45.

గూడూరు_గీత
పెద్దాయన రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

నర్సమ్మ_కావలి
అసలు ప్రశ్నకి వస్తా. ఒంట్లో తేడా ఉందా అంటే ఉంది.

ఆడవాళ్లకి ఎక్స్ క్రోమోజోములు రెండు, మగవాళ్లకి ఒకటి. ఒకదాంట్లో లోపం ఉంటే ఆడవాళ్లకి రెండోది ఆదుకుంటుంది. మగవాళ్లకి ఆదుకునేది లేదు. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఎక్కువగా మగపిల్లల్లోనే కనపడేది అందుకే. రెండోది, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్. నెలసరి ఆగేదాకా అది రక్తనాళాలని కొంత కాపాడుతుంది. అందుకే ఆడవాళ్లలో మొదటి గుండెపోటు మగవాళ్ల కంటే దాదాపు పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. పసిబిడ్డల వార్డులో పనిచేసినప్పుడు నేనే చూశా. నెలలు నిండకుండా పుట్టిన మగబిడ్డ ఊపిరి తీసుకోవడానికి ఆడబిడ్డ కంటే ఎక్కువ అవస్థ పడతాడు. ప్రకృతిలో 100 మంది ఆడపిల్లలకి 105 మంది మగపిల్లలు పుడతారు, కానీ మొదటి నుంచే మగబిడ్డ కాస్త సున్నితం.

కానీ ఇరవై రెండేళ్లుగా ఓపీలో కూర్చుంటున్నా కదా, నాకు కనపడేది ఇంకోటి. బీపీ, షుగర్ చూసే రోజు వరసలో నిలబడేది ఆడవాళ్లే. కాన్పులకి, టీకాలకి వచ్చి వచ్చి వాళ్లకి ఆస్పత్రి అలవాటు. మగవాళ్లు చాలామంది మొదటిసారి వచ్చేది ఆటోలో పడుకోబెట్టుకుని వచ్చినప్పుడే. "బీపీ ఎప్పుడైనా చూపించారా?" అని అడిగితే పక్కనున్న భార్య తల అడ్డంగా ఊపుతుంది.

డిగ్రీ_బయాలజీ
నర్సమ్మ చెప్పిందానికి ఒక ముక్క కలుపుతా. పక్షుల్లో క్రోమోజోముల సంగతి తిరగబడి ఉంటుంది. అక్కడ ఒకేరకం జత ఉండేది మగపిట్టకి. చాలా పక్షి జాతుల్లో మగదే ఎక్కువ కాలం బతుకుతుంది. కాబట్టి ఆడా మగా అని కాదు, జత ఉందా లేదా అనేదాంట్లో ఏదో ఉంది.

కొరియా రాజుల కొలువులో చిన్నప్పుడే వృషణాలు తీసేసిన సేవకులు ఉండేవాళ్లు. వాళ్ల వంశావళి పుస్తకాలు దొరికితే 81 మంది ఆయుష్షు లెక్కగట్టి 2012లో ప్రచురించారు. సగటున 70 ఏళ్లు బతికారు. అదే కాలంలో అలాంటి హోదాలో ఉన్న మిగతా మగవాళ్ల కంటే 14 ఏళ్లకు పైగా ఎక్కువ. ముగ్గురు నూరేళ్లు దాటారు. మగ హార్మోన్ ఆయుష్షు తగ్గిస్తుందేమో అనడానికి దీన్ని చూపిస్తారు.

పొదిలి_బస్టాండ్
ఆ దారి మాత్రం నాకు వద్దు తమ్ముడూ, చుట్ట మానేస్తా.

లెక్కల_మాస్టారు
హార్మోన్ మీదే అంతా పెట్టకండి. జర్మనీలోని బవేరియాలో మార్క్ లూయ్ అనే జనాభా శాస్త్రవేత్త కాథలిక్ మఠాల రికార్డులు తీశాడు. 1890 నుంచి 1995 దాకా, పదకొండు వేల మందికి పైగా సన్యాసులు, సన్యాసినులు. అందరికీ ఒకే వేళకి తిండి, ఒకే వేళకి నిద్ర, సంసారం లేదు. అక్కడ ఆడా మగా మధ్య తేడా ఒక్క ఏడాది దగ్గర తేలింది. బయట మాత్రం అంతకు ఎన్నో రెట్లు ఉంది. ఒంటి తీరు వల్ల వచ్చేది ఏడాది అటూ ఇటూ, మిగతాదంతా బతికే తీరు వల్లే అని ఆయన లెక్క.

బ్యారన్_రైతు
అన్నిటికీ పొగాకునే అంటారని ముందే చెప్తున్నా. మా నాయన 88 ఏళ్లు బతికాడు. రోజుకి నాలుగు చుట్టలు. చివరిదాకా కళ్లజోడు లేకుండా పేపర్ చదివాడు. మేం మూడు తరాలుగా వర్జీనియా పొగాకు వేస్తున్నాం. ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు నిద్ర మేలుకునేది మేం, వేలం కేంద్రంలో బేళ్లు పెట్టుకుని రేటు కోసం కళ్లు కాయలు కాసేలా చూసేది మేం. ఊరికే మా పంటని తిట్టొద్దు.

నర్సమ్మ_కావలి
అన్నా, మీ నాయన మీకు కనపడుతున్నాడు. ఆయనతో పాటు చుట్ట తాగి 55కే పోయిన ఆయన స్నేహితులు మీకు ఇప్పుడు కనపడరు. పంటని తిట్టడం లేదు, కష్టాన్ని అసలే తిట్టడం లేదు. 2016-17 పొగాకు సర్వేలో మన దేశంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో మగవాళ్లు 42.4 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు, ఆడవాళ్లు 14.2 శాతం. గుండె, ఊపిరితిత్తులు, నోటి క్యాన్సర్, అన్నిట్లోనూ ఆ తేడా కనపడుతుంది.

ఉదయగిరి_సుజాత
నేను పొగాకు గ్రేడింగ్ షెడ్డులో నాలుగేళ్లు చేశా. ఆకు గుచ్చే రోజుల్లో పసరు చేతులకి జిగటగా నల్లగా పట్టేస్తుంది. సబ్బు పెట్టినా పోదు, మట్టితో రుద్దాలి. ఆ చేత్తో అన్నం కలిపితే ముద్దంతా చేదు. మంచుకి తడిసిన ఆకు పొద్దున్నే పట్టుకుంటే తల తిరిగి వాంతులు. మాకు దాని పేరు తెలియదు, "ఆకు పట్టింది" అనుకునేవాళ్లం. తర్వాత తెలిసింది, నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోతుందట. చుట్ట కాల్చకపోయినా ఆడవాళ్లకీ ఆ బాధ తప్పలేదు.

బ్యారన్_రైతు
అది నిజం తల్లీ. మా ఇంట్లో ఆడవాళ్లూ పడ్డారు. ఇప్పుడు గ్లౌజులు ఇస్తున్నాం. నాయన స్నేహితుల మాట కూడా ఆలోచిస్తున్నా. ముగ్గురు గుర్తొచ్చారు.

చీమకుర్తి_శీను
నాకు 41. గ్రానైట్ కటింగ్‌లో పదహారేళ్లు. రాయికి డ్రిల్లు పెట్టినప్పుడు లేచే పొడి పిండిలాగా ఉంటుంది, కనురెప్పల మీద కూడా తెల్లగా పేరుకుంటుంది. ముక్కుకి తువ్వాలు చుట్టుకునేవాళ్లం. ఆ పొడి తువ్వాలుకి ఆగేది కాదని మాకు చెప్పినవాళ్లు లేరు. నాతో పని మొదలుపెట్టిన వాళ్లలో ఇద్దరికి సిలికోసిస్. దానికి మందు లేదు, ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ముందు టీబీ అనుకుని ఏడాది మందులు మింగారు. ఇలాంటి పనుల్లో దిగేది ఎక్కువ మగవాళ్లే. అలవాట్లు, అలవాట్లు అంటున్నారు, పని గురించి ఎవరూ అనలేదని రాస్తున్నా.

మార్కాపురం_పలక
శీనన్న చెప్పింది పలకల రాయికీ వర్తిస్తుంది. మా పెదనాన్న దగ్గు వింటే వీధి చివర నుంచే ఆయన అని తెలిసేది.

మైపాడు_అల
సముద్రం సంగతీ అంతే. బోటు ఎక్కేది మగవాళ్లు, గట్టు మీద ఎదురుచూసేది ఆడవాళ్లు.

నర్సమ్మ_కావలి
శీనూ, నువ్వు ఒకసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊది చూసే పరీక్ష చేయించుకో. దగ్గు లేకపోయినా సరే. డాక్టరుకి రాయి పని చేస్తున్నానని ముందే చెప్పు. చెప్పకపోతే మళ్లీ టీబీ వైపే పోతారు.

కలిగిరి_కోడలు
సారా గురించి ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నా. మాది దూబగుంట పక్కనే. 1992లో సారా ఉద్యమం నడిపిన రోశమ్మ గారితో పాటు రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో మా అత్త ఒకరు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, కూలి డబ్బులు పొయ్యి దాకా రాకుండా సారా ప్యాకెట్లకే పోతున్నాయని లేచారు. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. నెల్లూరులో వేలం ఆగింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు.

మా అత్త ఒక మాట చెప్పేది. "ఆ రెండేళ్లలో మా ఊళ్లో మగాళ్ల మొహాలకి రంగొచ్చింది" అని. తన భర్త ఆయుష్షు కోసం కూర్చుంది ఆమె, తన కోసం కాదు. మామ 61కి లివర్ పాడై పోయాడు. అత్తకి ఇప్పుడు 78.

లెక్కల_మాస్టారు
కలిగిరి అమ్మ మాటకి రష్యాలో రుజువు ఉంది. 1985లో గోర్బచేవ్ మద్యం మీద గట్టి ఆంక్షలు పెడితే రెండేళ్లలో మగవాళ్ల ఆయుర్దాయం దాదాపు మూడేళ్లు పెరిగింది. ఆంక్షలు పోయి, దేశం తలకిందులయ్యాక 1994కి 58 కంటే కిందికి పడిపోయింది. ఆడవాళ్ల ఆయుర్దాయంలో అంత ఊగిసలాట లేదు. మన దగ్గర కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు 18.8 శాతం, ఆడవాళ్లలో 1.3 శాతం.

సింగరాయకొండ_రవి
అందరూ మగవాళ్లనే నిలబెట్టి అడుగుతున్నట్టుంది. తాగుడు, చుట్ట, డాక్టరు దగ్గరికి పోడు. సరే. ఎందుకు పోడు? రొయ్యల గుంటకి నేను పదకొండు లక్షలు పెట్టుబడి పెట్టా. వైట్‌స్పాట్ జబ్బు వచ్చి ఒక్క రాత్రిలో పోయింది. ఇంట్లో చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు, మా ఆవిడకీ చెప్పలేదు. మూడు నెలలు నిద్ర లేదు. ఆడవాళ్లు పక్కింటావిడతో అయినా చెప్పుకుంటారు. నేను ఎవరితో చెప్పుకోవాలి? 2021లో దేశంలో ఆత్మహత్యలు 1,64,033. అందులో మగవాళ్లు 1,18,979. ఈ అంకె చూసి నేను ఊరుకోలేకపోయా.

ఆత్మకూరు_అరుణ
రవీ, తప్పు పట్టడం కాదు. ఇక్కడ రాశావు కదా, మంచి పని చేశావు. ఇప్పుడు ఎలా ఉన్నావు?

సింగరాయకొండ_రవి
ఇప్పుడు పర్వాలేదక్కా. ఒకరోజు రాత్రి 14416కి ఫోన్ చేశా, టెలీమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. నలభై నిమిషాలు. మర్నాడు మా ఆవిడకి అంతా చెప్పేశా. ఆమె తిట్టలేదు. గాజులు తీసి బల్ల మీద పెట్టింది. అవి ముట్టుకోలేదు నేను. అప్పు ఇంకా ఉంది, తీరుస్తా.

బ్యారన్_రైతు
రవీ, నువ్వు నా తమ్ముడి వయసు. రేటు రాని ఏడాది నాకూ ఆ రాత్రులు తెలుసు. నంబరు రాసుకున్నా.

గూడూరు_గీత
ఆడవాళ్లకి మూడేళ్లు ఎక్కువ అనగానే ఏదో వరంలాగా మాట్లాడుతున్నారు. ఆ మూడేళ్లు ఎలా గడుస్తున్నాయో చూడండి. అదే 2019-21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. మగవాళ్లలో 25 శాతం. ప్రపంచమంతటా ఉన్న సంగతే, ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు, ఎక్కువ కాలం జబ్బుతో కూడా బతుకుతారు. మోకాళ్లు, నడుము, ఎముకలు గుల్లబారడం.

మా అమ్మమ్మకి 82. తాత పోయి పందొమ్మిదేళ్లు. తాత ఉన్నప్పుడు చేపల పులుసు మరిగితే ముందు ఆయన కంచంలోకి, తర్వాత మామయ్యల కంచాల్లోకి. అమ్మమ్మకి తల ముక్క, అడుగున మిగిలిన మామిడికాయ చెక్కలు. "నాకు అదే ఇష్టం" అనేది. ఆమెకి నడుం చేపంటే ఎంత ఇష్టమో తాత పోయిన తర్వాతే మాకు తెలిసింది. పొలం మామయ్యల పేరున ఉంది. పింఛను 4,000 వస్తుంది కాబట్టి ఆ నాలుగు వేల మేరకి ఆమెకి ఇంట్లో గౌరవం ఉంది. ఇది నేను కడుపు మంటతోనే రాస్తున్నా.

పామూరు_పెద్దాయన
గీతమ్మా, నా భార్యకి నడుం చేప ఇష్టమో తల ఇష్టమో నాకు తెలియదు. 46 ఏళ్లు కాపురం చేశాం. ఇవాళ అడుగుతా.

పొదిలి_బస్టాండ్
పెద్దాయనా, అడిగి ఇక్కడ రాయండి.

నర్సమ్మ_కావలి
ఒక మాట కూడా చెప్పాలి. భార్య పోయాక మగవాళ్లు త్వరగా కుంగిపోతారు. వేళకి తినరు, మందు వేళకి ఇచ్చేవాళ్లుండరు. భర్త పోయిన ఆడవాళ్లు ఏడ్చి ఏడ్చి మళ్లీ ఇంటి పనిలో పడతారు. మా వార్డులో ఇది చూడని నెల లేదు.

కుర్రోడా, మీ నాయన విషయానికి. "నీకు బీపీ చూపిస్తా రా" అంటే రాడు. "అమ్మని తీసుకుపోవాలి, తోడు రా" అను. వచ్చాక ఇద్దరికీ చూస్తారు. మగవాళ్లు చాలామంది ఈ దారిలోనే మా ముందు చెయ్యి చాపారు.

కందుకూరు_కుర్రోడు
మూడు రోజులు ఏమీ రాయలేదు, అన్నీ చదువుతూనే ఉన్నా. నర్సమ్మ గారు చెప్పినట్టే చేశా. అమ్మకి తల తిరుగుతోందని చెప్పి నాయనని తోడు రమ్మన్నా. అది అబద్ధం అనుకునే చెప్పా. నాయన కొత్త పంచె కట్టుకుని ముందు నడిచాడు.

నాయనకి బీపీ 172/98. పావుగంట కూర్చోబెట్టి మళ్లీ చూశారు, 168. మాత్ర రాశారు. ఆయన ఏమీ మాట్లాడలేదు. బయటికి వచ్చాక చుట్టల పెట్టె నా చేతికి ఇచ్చి "సాయంత్రం ఒకటి ఇవ్వు, అంతే" అన్నాడు. పూర్తిగా మానినట్టు కాదు, తెలుసు.

అసలు సంగతి అమ్మది. వచ్చాం కదా అని ఆమెకి కూడా రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 8.9. తల తిరగడం నిజమేనంట. ఆరు నెలల నుంచి బావి దగ్గర బిందె దించి కూర్చుంటోందట. ఎవరికీ చెప్పలేదు. నేను నాయన ఆయుష్షు గురించి ఇక్కడ ఇంత రాశాను, అమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. ఐరన్ మాత్రలు ఇచ్చారు.

గూడూరు_గీత
అమ్మని ఇప్పుడు తెలుసుకున్నావు కదా. బిందె నువ్వు మొయ్యి.

నర్సమ్మ_కావలి
నాయన మాత్ర, బీపీ తగ్గిందని మధ్యలో ఆపనివ్వొద్దు. అమ్మ ఐరన్ మాత్ర టీతో, పాలతో వేసుకోకూడదు. గంట ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్లతో అయితే బాగా ఒంటబడుతుంది. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు, మాత్ర వల్లే. కానీ 60 ఏళ్లకి, నెలసరి ఆగిపోయాక 8.9 అంటే తిండి ఒక్కటే కారణం అనుకోవద్దు. రక్తం ఎక్కడైనా పోతోందేమో చూడమని డాక్టరుని అడుగు. మల పరీక్ష మాత్ర మొదలుపెట్టే ముందే ఇస్తే మంచిది.

కందుకూరు_కుర్రోడు
ఇంకా మొదలుపెట్టలేదు. రేపు పొద్దున్నే తీసుకుపోతా.

పామూరు_పెద్దాయన
అడిగా. తోక ముక్కంట.